ఇంజనుకు ఊపిరి పోసిన చరిత్ర



మదురై నుంచి తేనికి పోయే బస్సు ఉసిలంపట్టి దాటాక ఒక కనుమ ఎక్కుతుంది. ఆండిపట్టి కణవాయి అంటారు దాన్ని. అంతవరకూ హాయిగా వచ్చిన బస్సు అక్కడ గొంతు మారుస్తుంది. డ్రైవరు గేరు తగ్గిస్తాడు. వెనక పత్తి లారీ ఉంటే అదీ మూలుగుతూనే ఎక్కుతుంది. కనుమ దిగితే ఆండిపట్టి. దాని పక్కన 1959లో ప్రారంభమైన వైగై ఆనకట్ట, ఆ పైన కంబం లోయ, బోడినాయకనూరు, ఏలకుల తోటల కొండలు. ఎటు పోయినా ఎక్కుడే. ఇలాంటి చోట బతికేవారికి ఇంజను బలం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని పెంచడానికి మనుషులు ఏమేం చేశారు, అందులో మన తెలుగువారి పాత్ర ఎంత అన్నది ఈనాటి ప్రసంగం.

ఈ ప్రాంతంలో తెలుగు మాట నిన్న మొన్న వచ్చింది కాదు. విజయనగర సైన్యాలు పధ్నాలుగో శతాబ్దంలోనే మదురై చేరాయి. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక పాలన 1736 దాకా సాగింది. పాలయాల ఏర్పాటు జరిగింది ఆ కాలంలోనే. బోడినాయకనూరు, గండమనాయకనూరు అనే ఊరి పేర్లలోనే ఆ జాడ కనిపిస్తుంది. సైనికుల వెనక రైతులు వచ్చారు, నేతగాళ్లు వచ్చారు. నల్లరేగడి నేలలు వెతుక్కుని మదురై, తిరునెల్వేలి, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడ్డారు. వాన తక్కువ. ఏరు దూరం. అందుకని బావి తవ్వుకోవడమే బతుకు తెరువయింది. ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడారు. తమిళంలో దాన్నే కవలై అన్నారు. ఈ బావి దగ్గరే మన కథ మొదలవుతుంది.

కపిల పోయి పంపుసెట్టు వచ్చాక రైతు ఒక సంగతి కనిపెట్టాడు. బావి ఒడ్డున పంపు పెడితే నీళ్లు పాతిక అడుగుల లోతు దాకానే వస్తాయి. అంతకంటే కిందికి పోతే పంపు ఎంత తిరిగినా నీరు పైకి రాదు. అప్పుడు పంపును బావిలోకే దించాలి. ఎందుకలాగ? పంపు నీటిని లాగుతుంది అనుకుంటాం గాని, నిజానికి అది గొట్టంలో ఖాళీ చేస్తుంది, అంతే. ఆ ఖాళీలోకి నీటిని నెట్టేది బయటి గాలి. గాలి బరువు చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌండ్లు. ఆ బరువు మోయగలిగిన నీటి నిలువు ముప్పై నాలుగు అడుగులు దాటదు. పంపులో, గొట్టంలో పోయే నష్టం తీసేస్తే మిగిలేది ఆ పాతిక అడుగులే.

పెట్రోలు ఇంజను సంగతీ ఇంతే. పిస్టన్ కిందికి దిగితే సిలిండరులో ఖాళీ ఏర్పడుతుంది. కార్బురేటరు గుండా లోపలికి గాలిని నెట్టేది బయటి వాతావరణం. ఇలా తనకు తానుగా ఊపిరి పీల్చే ఇంజనును న్యాచురల్లీ యాస్పిరేటెడ్ అంటారు. మనం సహజశ్వాస ఇంజను అందాం. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే దాదాపు పదిహేను కిలోల గాలి కావాలి. అంటే ఇంజను నిజంగా తినేది గాలినే. పెట్రోలు దానికి నంజుడు మాత్రమే. గాలి ఎంత పోతే బలం అంత వస్తుంది.

కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం చొప్పున సహజశ్వాస ఇంజను బలం తగ్గుతుంది. కొడైకెనాల్ ఏడు వేల అడుగుల ఎత్తు. కింద నూరు అశ్వశక్తి ఉన్న ఇంజనుకు అక్కడ ఎనభై మిగులుతాయి. ఎక్కుడులో బలం ఎక్కువ కావలసిన చోటే ఉన్న బలం తగ్గిపోతుందన్నమాట.

దీనికి విరుగుడు ఏమిటి? రైతుకు తెలిసిన విరుగుడే. నీటిని బయటి గాలి నెట్టేదాకా చూడకుండా, సబ్‌మెర్సిబుల్ పంపును నీటి అడుగున దించి కింది నుంచే పైకి తోస్తాం కదా. అలాగే గాలిని కూడా ఒక పంపుతో సిలిండరులోకి తోయాలి. ఆ గాలి పంపు పేరే సూపర్‌చార్జర్. ఇంజను ఇరుసు నుంచే బెల్టుతో గాని, పళ్ల చక్రాలతో గాని దాన్ని తిప్పుతారు.

ఇది కొత్త ఆలోచన కాదు. కమ్మరి తిత్తి చేసేది ఇదే పని. బొగ్గు ఊరికే వదిలేస్తే నివురు కప్పుకుంటుంది. తిత్తి ఊదితే ఇనుము కరుగుతుంది. మంట అదే, బొగ్గు అదే. గాలి ఒక్కటే తేడా. తమిళులు తురుత్తి అన్నా మనం తిత్తి అన్నా ఆ తోలు సంచీయే సూపర్‌చార్జరుకు ముత్తాత.

తాత సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములకు ఒక ఉన్ని మిల్లు ఉండేది. మిల్లును తిప్పే నీటి చక్రం బదులు మరింత బాగా పనిచేసేది చేయాలని, రెండు తమ్మెల చక్రాలు ఒకదానిలో ఒకటి ఒదిగి తిరిగే యంత్రం తయారు చేశారు. నీటికి కర్ర ఉబ్బి అది బిగుసుకుపోయింది. సరిచేసి ఊరికే తిప్పి చూస్తే బలమైన గాలి కొట్టింది. నీటికి పనికిరానిది గాలికి పనికొచ్చింది. 1860లో వారు దానికి పేటెంటు తీసుకున్నారు. ఇనుము కరిగించే కొలుముల్లో, గనుల్లో గాలి ఊదడానికి ఆ రూట్స్ బ్లోయరు ప్రపంచమంతా పాకింది. నూలు మిల్లు, ఫౌండ్రీ, గాలి పంపు అన్న ఈ వరసను గుర్తుపెట్టుకోండి. కోయంబత్తూరు దగ్గర మళ్లీ ఇదే వరస వస్తుంది.

ఇంజనులోకి గాలి తోయాలన్న ఊహకు జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంటు పొందారు. దాన్ని పందెంలో నెగ్గించి చూపింది మాత్రం అమెరికాకు చెందిన లీ చాడ్విక్. 1908లో పెన్సిల్వేనియాలో జయంట్స్ డెస్పేర్ అనే కొండ ఎక్కే పందెంలో ఆయన కారు గెలిచింది. ఆ పేరుకు రాక్షసుల నిరాశ అని అర్థం. సూపర్‌చార్జరు తొలి విజయం కొండ మీదే రావడంలో వింత లేదు.

తర్వాత 1921లో మెర్సెడెస్ వారు సూపర్‌చార్జరున్న కార్లను బెర్లిన్ ప్రదర్శనలో జనం ముందు పెట్టారు. అందులో సూపర్‌చార్జరు ఎప్పుడూ తిరిగేది కాదు. డ్రైవరు యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడే అది అందుకునేది. అవసరమైనప్పుడే అదనపు ఊపిరి. 1923లో ఇటలీ గ్రాండ్ ప్రీలో ఫియట్ కారు గెలిచాక, సూపర్‌చార్జరు లేకుండా గ్రాండ్ ప్రీలో నెగ్గలేమన్న నమ్మకం స్థిరపడింది.

ఇక్కడే అసలు వివాదం వచ్చింది. సహజశ్వాసకని కట్టిన ఇంజనుకు తర్వాత సూపర్‌చార్జరు తగిలించవచ్చా? ఇంగ్లండులో బెంట్లీ కార్ల కథ ఈ ప్రశ్నకు గొప్ప ఉదాహరణ. నాలుగున్నర లీటర్ల బెంట్లీ కారు 1928లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. అప్పుడు దానికి సూపర్‌చార్జరు లేదు. టిమ్ బర్కిన్ అనే పందెగాడికి ఆ వేగం చాలలేదు. ఆమ్హర్స్ట్ విలియర్స్ తయారు చేసిన రూట్స్ రకం సూపర్‌చార్జరును రేడియేటరు ముందు బిగించి, ఇంజను ఇరుసు కొస నుంచే తిప్పించాడు. 110 అశ్వశక్తి ఉన్న ఇంజను రోడ్డు కారులో 175కు, పందెం కారులో 240కి పెరిగింది.

ఆ కారు సృష్టికర్త డబ్ల్యు. ఓ. బెంట్లీకి ఇది సుతరామూ ఇష్టం లేదు. బలం కావాలంటే ఇంజనును పెద్దది చేయాలి గాని, ఉన్నదానిలోకి గాలి కుక్కకూడదన్నది ఆయన వాదం. 1930 లె మాన్‌లో రెండు వాదాలూ ఒకే రోడ్డు మీద పోటీపడ్డాయి. బర్కిన్ బృందం సూపర్‌చార్జరు కార్లు భయంకరమైన వేగంతో పోయి మధ్యలోనే ఆగిపోయాయి. సూపర్‌చార్జరు లేని ఆరున్నర లీటర్ల బెంట్లీలు మొదటి, రెండో స్థానాలు తెచ్చుకున్నాయి. అయితే బర్కిన్‌ది పూర్తి ఓటమి అనడానికి లేదు. అదే ఏడాది ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో అదే రకం కారుతో అతను రెండో స్థానంలో వచ్చాడు. కాసేపటి వేగానికి సూపర్‌చార్జరు, ఇరవై నాలుగు గంటల ఓర్పుకు పెద్ద ఇంజను అని ఆ రెండు పందాలు తేల్చాయి.

ఆగిపోవడానికి కారణాలు మన వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రవాళ్లు తెలుసుకోవాలి. మొదటిది వేడి. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు పట్టుకుంటే మీకే తెలుస్తుంది. వేడిగాలి మళ్లీ పలచబడుతుంది గనుక పెట్టిన శ్రమలో కొంత వృథా. అందుకే సూపర్‌చార్జరుకూ ఇంజనుకూ మధ్య గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు పెడతారు. రెండోది నాకింగ్. సహజశ్వాస స్పోర్ట్స్ కారు ఇంజనులో పిస్టన్ గాలిని పదో వంతుకో, పదకొండో వంతుకో కుదిస్తుంది. ముందే కుదించిన గాలిని మళ్లీ అంతగా కుదిస్తే, ప్లగ్గు నిప్పురవ్వ కోసం ఆగకుండా ఒక మూల మిశ్రమం తనంతట తానే పేలుతుంది. లోపల సుత్తితో కొట్టినట్టు మోత వస్తుంది. పిస్టన్ తల కరుగుతుంది, రింగులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అందుకని కుదింపును ఎనిమిదిన్నర, తొమ్మిది వంతులకు తగ్గించాలి, నిప్పురవ్వ పడే వేళను వెనక్కి జరపాలి. మూడోది పెట్రోలు. గాలి ఒకటిన్నర రెట్లు పోతే పెట్రోలూ ఒకటిన్నర రెట్లు పోవాలి. పాత పంపు, పాత ఇంజెక్టర్లు అంత అందించలేకపోతే మిశ్రమం పలచనై వేడి ఇంకా పెరుగుతుంది. నాలుగోది, సూపర్‌చార్జరు ఊరికే తిరగదు. ఇంజను సంపాదించిన దానిలోనే దానికి వాటా పోవాలి. అందుకే చదరపు అంగుళానికి ఏడు పౌండ్ల ఒత్తిడి అదనంగా పెట్టినా, లెక్క ప్రకారం రావలసిన యాభై శాతం రాక, ముప్పై నలభై శాతం దగ్గర ఆగుతుంది.

సూపర్‌చార్జర్లలో రకాలు కూడా మన కళ్ల ముందు ఉన్నవాటి లాంటివే. ఒకటి రూట్స్ రకం. నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా బలం ఇస్తుంది గాని, గాలిని బాగా వేడెక్కిస్తుంది. రెండోది మరల రకం. రెండు మరలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని తిరుగుతూ గాలిని నలుపుతూ పోతాయి. 1930లలో స్వీడనుకు చెందిన ఆల్ఫ్ లిషోమ్ దీన్ని రూపొందించారు. మూడోది సెంట్రిఫ్యూగల్ రకం. పొలంలోని పంపులో ఇంపెల్లరు నీటిని అంచుకు విసిరినట్టే ఇది గాలిని విసురుతుంది. నిమిషానికి వేలకొద్దీ చుట్లు తిరిగితే గాని పట్టు అందదు. ఇదే ఇంపెల్లరును బెల్టుతో కాక బయటికి పోయే పొగతో తిప్పితే అది టర్బోచార్జరు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. వదిలేసిన పొగతో మంటకు గాలి పెంచడం మన పాత బొగ్గు రైలింజను కూడా చేసేది. 1928లో మదురై నుంచి బోడికి మీటరు గేజి లైను పడ్డాక, ఆండిపట్టి కనుమ ఎక్కే ఇంజను ఛక్ ఛక్ మన్నప్పుడల్లా వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి ఎగదన్నుతూ నిప్పుగదిలోకి గాలిని లాక్కొచ్చేది. ఎంత కష్టపడితే అంత ఊపిరి.

సూపర్‌చార్జరుకు ఉన్న ఇంకో బలహీనత దాహం. 1951 జూలైలో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ పందెంలో అది అందరికీ కనిపించింది. అప్పటి నియమం ప్రకారం సూపర్‌చార్జరు ఉంటే ఒకటిన్నర లీటర్ల ఇంజను, లేకపోతే నాలుగున్నర లీటర్ల ఇంజను. ఆల్ఫా రోమియో వారు మొదటి దారి పట్టి వరసగా గెలుస్తూ వచ్చారు. కాని ఆ కారు ఒక గ్యాలను ఇంధనంతో రెండు మైళ్లు కూడా పోయేది కాదు. ఫెరారీ వారి సహజశ్వాస కారులో గొంజాలెజ్ అనే అర్జెంటీనా డ్రైవరు ఆ రోజు ఆల్ఫాలను ఓడించాడు. బర్కిన్‌కు లె మాన్ చెప్పిన పాఠమే ఇరవై ఏళ్ల తర్వాత మరోసారి వినిపించింది.

ఇక మన సీమకు వద్దాం. కోయంబత్తూరులో 1888లో మొదటి నూలు మిల్లు వచ్చింది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ స్థాపించారు. 1930ల తొలి ఏళ్లలో పైకారా జలవిద్యుత్తు రాగానే మిల్లులు పెరిగాయి, బావి మీద కరెంటు మోటార్లు పెరిగాయి. మిల్లు యంత్రాల విడిభాగాలకూ పంపులకూ పోత ఇనుము కావలసి వచ్చి ఫౌండ్రీలు పుట్టాయి. రూట్స్ అన్నదమ్ముల ఊళ్లో నడిచిన వరసే ఇక్కడా నడిచింది.

ఈ వరసలో ముందు నిలిచిన పేరు జి. డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు పెద్దగా అబ్బలేదు. ఒక మోటారు సైకిలు కొని, విప్పి, బిగించి యంత్రం చదువు నేర్చుకున్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సు నడిపారు. అది యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. 1937లో బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే కరెంటు మోటారు తయారు చేయించారు. ఆ మోటార్లే తర్వాత ఎన్నో బావుల మీద తిరిగాయి. 1952లో రెండు వేల రూపాయలకు ఇవ్వగలిగే ఇద్దరు కూర్చునే చిన్న కారు కట్టారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది అక్కడే ఆగిపోయింది. కారుకు కావలసిన ఊపిరి ఇంజనులోంచే రాదు, అనుమతి కాగితంలోంచి కూడా రావాలని ఆ సంఘటన తెలియజేస్తుంది. ఆయన 1974లో కన్నుమూశారు.

మదురై వైపు రెండో ప్రపంచ యుద్ధకాలం వేరే పాఠం చెప్పింది. పెట్రోలు కరువై బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించారు. మదురైలోని టి.వి.ఎస్. సంస్థ అలాంటి గ్యాసు ప్లాంట్లను స్వయంగా తయారు చేసింది. బొగ్గు గ్యాసులో సత్తువ తక్కువ. ఇంజను బలం మూడో వంతుకు పైగా పడిపోయేది. కనుమల్లో ఎక్కుడంటే అప్పుడు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఇంజను పెద్దదైనా, లోపలికి పోయేదానిలో సత్తువ లేకపోతే లాభం లేదు.

స్పోర్ట్స్ కార్ల రంగానికి కోయంబత్తూరును తెచ్చినవారు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్. మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలపు విమానాల పట్టీ మీద జరిగే పందాల్లో ఆయన పేరు మోగింది. విదేశీ కార్లు కొనగలిగినవారికే పందెం అన్న రోజుల్లో ఆయన మరో దారి తొక్కారు. మారుతి 800 కారులోని 796 సీసీల సహజశ్వాస ఇంజనును తీసి, ఒంటి సీటు పందెం కారులో పెట్టించారు. అదే ఫార్ములా మారుతి. అందరికీ ఒకే చిన్న ఇంజను. నలభై అశ్వశక్తికి లోపే బలం. గాలి కుక్కి బలం పెంచలేదు. బరువు తగ్గించారు, తోలేవాడి నేర్పుకు చోటిచ్చారు. ఖర్చు తగ్గి మామూలు కుర్రవాళ్లకూ పందెం అందింది. ఆయన 1995లో మరణించారు. ఆయన పేరిట కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే 2003లో ప్రారంభమైంది. ఆ ఊరి గాలిలో పెరిగిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. ఆ ఏడాది అతను తోలిన జోర్డన్ కారులోని మూడు లీటర్ల టొయోటా ఇంజను కూడా సహజశ్వాసదే. 1989 నుంచి 2013 దాకా ఫార్ములా వన్‌లో గాలి తోసే ఇంజన్లకు చోటే లేదు. 2014లో టర్బోలు మళ్లీ వచ్చాయి.

అంటే సూపర్‌చార్జరు చెడ్డదనా? కాదు. దానికని కట్టిన ఇంజనులో అది వరమే. లావు బేరింగులు, గట్టి పిస్టన్లు, తగ్గించిన కుదింపు, తగిన చల్లదనం ఉంటే చిన్న ఇంజను పెద్ద ఇంజను పని చేస్తుంది, కొండమీదా డీలాపడదు. చిక్కు వచ్చేది మధ్యలో తగిలించినప్పుడే. ఇప్పుడు సహజశ్వాస స్పోర్ట్స్ కార్లకు పెట్టెలో అమర్చిన సూపర్‌చార్జరు సరంజామా దొరుకుతోంది. నాలుగు బోల్టులు బిగిస్తే బలం వస్తుందనుకునే కుర్రవాళ్లు ఉన్నారు. బోల్టులు బిగించడం ఒక పూట పని. ఇంజనును ఆ ఊపిరికి సిద్ధం చేయడమే అసలు పని. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం కుదరదు. రోడ్డు మీద తిరిగే బండికి చేతికొచ్చిన మార్పు చేస్తే ఇంజనుతో పాటు బీమా కూడా చిక్కుల్లో పడవచ్చు. పందెం మైదానం వేరు, పదిమంది నడిచే బాట వేరు.

బావి ఎండితే మన రైతు ముందు పంపు మార్చడు. ముందు బావిలోకి దిగి ఊట చూస్తాడు, గోడ చూస్తాడు, గొట్టం చూస్తాడు. తర్వాతే పెద్ద మోటారు మాట ఎత్తుతాడు. ఊట లేని బావికి పది గుర్రాల మోటారు పెట్టినా వచ్చేది బురదే. నాలుగైదు వందల ఏళ్లుగా ఆ పొడి నేలలో మన పెద్దలు అలవరచుకున్న ఈ ముందుచూపు ఫౌండ్రీలోకి వచ్చింది, బస్సు షెడ్డులోకి వచ్చింది, పందెం కారు దాకా వెళ్లింది. ఇంజనుకు ఊపిరి పోసేవారు మొదట దాని గుండె ఎంత గట్టిదో చూసుకోవాలి. ఆ ఒక్క మాట మన వర్క్‌షాపుల్లో నిలబడితే ఈ చరిత్ర చెప్పుకున్నందుకు ఫలితం దక్కినట్టే.